సగం వేగం

టీ కొట్టు దగ్గర ముందు ఎవరు ఆవులించారో కత్తెరమ్మ చూడలేదు. రెండోవాణ్ణి చూసింది. పట్టపగలు, కళ్ళల్లో నిద్ర మచ్చుకైనా లేదు, అయినా నోరు బారెడు తెరిచి, గొంతు సాగదీసి మరీ ఆవులించాడు. మూడోవాడు అందుకున్నాడు. ఆఖరికి టీ కాచేవాడు కూడా గిన్నె దించి పక్కన పెట్టి, తన వంతు తాను ఆవులించాడు. రోడ్డు దాటి కొట్టు వైపు వస్తున్న మనిషి అది చూసి సగంలో ఆగిపోయాడు. పొడుగాటి మనిషి, భుజాలు కాస్త ముందుకు వంగి ఉన్నాయి. కోపం తెచ్చుకోలేదు. ఏదో మర్చిపోయినవాడిలా జేబు తడుముకుని వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. వాళ్ళు పగలబడి నవ్వారు. కత్తెరమ్మకీ నవ్వొచ్చింది. వచ్చింది మరి, దాచడమెందుకు?

ఆ మనిషిని ఎరగనివాళ్ళు లేరు. ఇనప సామాను పోతపోసే ఫ్యాక్టరీలో బరువులెత్తే హాయిస్టు నడిపేవాడు. తాడుకి వేలాడే స్విచ్చుల డబ్బా చేత్తో పట్టుకుని, పైన పట్టాల మీద కదిలే కొక్కేన్ని అటూ ఇటూ నడిపించడం, ఎత్తడం, దించడం, అదీ అతని పని. కిందటి నెల ఆ కొక్కేనికి వేలాడుతున్న కడ్డీల కట్ట ఆగకుండా జారి కిందనున్న మనిషి మీద పడింది. పోయినవాడు పరాయివాడా, అతని సొంత చెల్లెలి మొగుడు. ఫ్యాక్టరీవాళ్ళ ప్రచార సినిమా తీస్తున్న కెమెరా ఒకటి సరిగ్గా అప్పుడు అటే తిరిగి ఉంది. అందులో ఏం పడిందయ్యా అంటే, కడ్డీలు తాపీగా కిందికి దిగుతుంటే, స్విచ్చు చేతిలో ఉన్న పెద్దమనిషి తల పైకెత్తి నోరంతా తెరిచి ఆవులిస్తున్నాడు. ఆ ముక్క ఫోన్లలో చక్కర్లు కొట్టింది. కత్తెరమ్మ అత్తగారైతే చూసిన ప్రతిసారీ, తోడబుట్టినదాని కాపురం కూలిపోతుంటే వీడికి ఆవులింతలొచ్చాయా అని ఆ ఫోనుకే శాపనార్థాలు పెట్టేది. అప్పటినుంచి అతని పేరు పోయింది. ఆవులింతలు అన్నదే మిగిలింది.

కత్తెరమ్మ పనిచేసే స్టూడియో ఆ టీ కొట్టు మీది మేడలోనే. ఆమె అసలు పేరు కూడా అక్కడ ఎవరికీ అక్కర్లేకపోయింది. తీసిన బొమ్మల్ని కత్తిరించి అతికించే మనిషి గనక కత్తెరమ్మ. నిజానికి ఆ గదిలో కత్తెర అన్నదే లేదు, పార్సిల్ విప్పాలంటే పళ్ళతో కొరుక్కోవాల్సిందే.

ఆవేళ ఆమె పని ఫ్యాక్టరీ సినిమాకి చివరి మెరుగులు దిద్దడం. మనిషి పోయాడని సినిమా ఆగుతుందా? వార్షికోత్సవం దగ్గర పడిందని ఫ్యాక్టరీవాళ్ళు రోజూ ఫోన్లు. కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైళ్ళు మహా బరువు. స్టూడియోలో ఉన్న ముసలి కంప్యూటరు వాటిని లాగలేక ఆయాసపడుతుంది. అందుకని మొదటిరోజే అన్నిటికీ ప్రాక్సీలు చేసుకుంటారు. అంటే అదే బొమ్మ, చిన్న సైజులో, తేలిక నకలు. కోతలూ అతుకులూ అన్నీ ఆ నకళ్ళ మీద చేసుకుని, చివర్లో వాటిని లేపేసి అసలువాటిని ఆ చోట్లో కూర్చోబెడతారు.

నిప్పురవ్వలు, కరిగిన ఇనుము, చెమట పట్టిన ముఖాలు, అన్నీ స్లో మోషన్‌లో కావాలన్నారు ఫ్యాక్టరీవాళ్ళు. ఈ స్టూడియో సినిమాల్లో సెకనుకి పాతిక బొమ్మలు ఆడతాయి. కెమెరామన్ సెకనుకి యాభై తీసి ఇచ్చాడు. ఆ యాభైని పాతిక చొప్పున ఆడిస్తే ఒక సెకను రెండు సెకన్లకు సాగుతుంది, కదలిక సగం వేగానికి పడుతుంది. ప్రాక్సీలు చేసేటప్పుడే కత్తెరమ్మ ఆ లెక్క పెట్టేసింది. ఫోల్డరులో ఉన్నదల్లా సగం వేగం, శబ్దం అక్కర్లేదు. అందరికీ ఒకటే ఆజ్ఞ. బటన్ నొక్కి టీకి వెళ్ళింది.

ఇప్పుడు అసలు ఫైళ్ళు వచ్చి కూర్చున్నాయి గానీ వాటికి ఆ ఆజ్ఞ సంగతి తెలియదు. సహజ వేగంతో చకచకా ఆడేస్తున్నాయి. ఒక్కోదాన్నీ తెరిచి, యాభైని పాతికగా చదువుకోవమ్మా అని చెప్పుకుంటూ పోవాలి. తెరవడం, మార్చడం, మూయడం. చెయ్యి దాని దారిన అది పోతోంది, మనసు ఇంట్లో ఉడకని పప్పు మీద ఉంది. అలా పోతూ పోతూ ఫోల్డరు అడుగున ఉన్న ఆ ప్రమాదం ఫైల్ని కూడా తెరిచింది. సినిమాలో వాడేది కాదది. చేతికేం తెలుసు?

"బావా..."

హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. గబుక్కున ఊడబెరికి గదంతా చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ తగిలించుకుని, ఫైల్ని వెనక్కి తిప్పింది.

కడ్డీల కట్ట పైన ఒకసారి అదిరింది. అతని బొటనవేలు ఆపే ఎర్ర బటన్ మీదికి పోయింది. కట్ట ఆగలేదు. వేలు తియ్యకుండానే తల పైకెత్తాడు, వెంటనే కిందికి దించాడు, నరాలు తేలేలా అరిచాడు. ఆ తర్వాతది కత్తెరమ్మ చూడలేదు, బటన్ నొక్కి ఆపేసింది. పక్కనే ప్రాక్సీ తెరిచింది. అదే మనిషి, అదే నోరు. కానీ శబ్దం లేదు, నోరు తీరిగ్గా తెరుచుకుని, అలాగే కాసేపు ఉండి, తీరిగ్గా మూసుకుంది. చెయ్యి మత్తులో ఉన్నట్టు కదిలింది, ఆ చిన్న బొమ్మలో వేలు ఏ బటన్ మీదుందో తెలియలేదు.

పదిరెట్లు నెమ్మదిగా ఆడితే పసిపిల్లలైనా ఇది స్లో మోషన్ అని పట్టేస్తారు. ఈ సగం ఉంది చూశారూ, ఇది మాయదారిది. సగంలో మనిషి మనిషిలాగే ఉంటాడు, కాస్త బద్ధకస్తుడిలా, కాస్త తాగినవాడిలా కనిపిస్తాడంతే. ఆ ఆవులింత పుట్టింది ఫ్యాక్టరీలో కాదు. ఈ కుర్చీలో పుట్టింది. అది కత్తెరమ్మకి అర్థమైంది. ఇందాక మెట్ల కింద తను నవ్విన నవ్వు గుర్తొచ్చి, సిగ్గుతో చచ్చిపోయింది.

*

స్టూడియో ఓనరు రెండూ చూశాడు. చూసి, కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, కిటికీ మూసొచ్చి కూర్చున్నాడు. మంచివాడే. జీతం ఆలస్యం చేస్తాడు గానీ ఎగ్గొట్టడు. ప్రమాదం జరిగిన రోజు ఫ్యాక్టరీవాళ్ళు నెత్తిన కూర్చుని అడిగారని, అసలు ఫైలు పంపాలంటే తెల్లారేదాకా పోయేలా లేదని, చేతికందిన చిన్న ఫైలు పంపేశానని చెప్పాడు. నా స్థానంలో ఎవరున్నా అదే చేసేవాళ్ళన్నాడు. అది ఎంత వేగంలో ఉందని వాళ్ళూ అడగలేదు, నేనూ చెప్పలేదు, నువ్వు మాత్రం చూశావా అని నిలదీశాడు. చూడలేదు. పోతున్న ప్రాణాన్ని చూడటానికి మనసొప్పక ఆ ఫైలు జోలికే పోలేదు ఆమె.

బటన్ నొక్కినా బరువు ఆగలేదంటే తప్పు బ్రేకుదని, మనిషిది కాదని కత్తెరమ్మ అంది. ఎల్లుండి మధ్యాహ్నం విచారణ కమిటీ చివరిసారి కూర్చుంటుందని, ఆపరేటరు నిర్లక్ష్యం అని రాసి మూసేస్తే ఇక ఎవరూ తెరవరని కూడా అంది. ఓనరు వింటూ చేతి గడియారం తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఫ్యాక్టరీ సినిమాలు లేకపోతే ఈ మేడకి అద్దె కట్టేదెవరని అడిగాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవద్దన్నాడు. ఇది గోటితో పోయే సంగతా అని ఆమెకి ఒళ్ళు మండింది.

"పోయినవాడు ఎలాగూ తిరిగిరాడు కదమ్మా," అన్నాడు చివరికి.

"ఉన్నవాడి సంగతేంటి సార్?"

ఆయన లేచాడు. ఆ ఫైలు ఈ గది దాటితే నువ్వూ దాటినట్టేనని మాత్రం చెప్పి, గొంతు పెంచకుండానే చెప్పి, కిందికి వెళ్ళిపోయాడు. కత్తెరమ్మ కాసేపు గోళ్ళు కొరుక్కుంది. తర్వాత ఆ ఫైలూ, దాని ప్రాక్సీ, రెండూ తన సొంత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంది. అసలు ఫైలు ఎక్కడం ఎంతసేపటికీ తెమల్లేదు. ఎక్కేదాకా అక్కడే కూర్చుని, తర్వాత సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది.

*

మర్నాడు అతణ్ణి సిమెంటు కొట్టు వెనక వసారాలో పట్టుకుంది. ఫ్యాక్టరీలోంచి తీసేశాక అక్కడ బస్తాలు దించుతున్నాడు. జుట్టు, కనుబొమలు, అన్నీ బూడిదరంగులో ఉన్నాయి. ల్యాప్‌టాప్ చూడగానే పేపరువాళ్ళు అనుకున్నట్టున్నాడు, మొహం పక్కకి తిప్పుకుని, పోండమ్మా, నా దగ్గరేం లేదు అన్నాడు. తను ఎవరో, ఎక్కడ పనిచేస్తుందో, ప్రాక్సీ అంటే ఏమిటో, తన చేతుల్లో ఏం జరిగిందో కత్తెరమ్మ తడబడుతూనే చెప్పుకొచ్చింది. అతను పని ఆపకుండానే విన్నాడు. బస్తా భుజానికెత్తుకునే ముందు ఒక్క క్షణం దాన్ని మోకాలికి ఆనించుకోవడం, పెదాలు బిగించి ఊపిరి వదలడం, లోపల దింపి వచ్చి చేతులు దులుపుకోవడం. లారీ ఖాళీ అయ్యాక వచ్చి, ఇటుకల గుట్ట మీద కూర్చుని, చేతులు ప్యాంటుకి తుడుచుకుని హెడ్‌ఫోన్లు అందుకున్నాడు.

ఏడుస్తాడనుకుంది. దణ్ణం పెడతాడేమో, వద్దనాలి అని కూడా అనుకుంది, నిజం చెప్పాలంటే. అతను ఒక్కసారి చూశాడు. ఆ కేక దగ్గర కళ్ళు మూసుకున్నాడు. హెడ్‌ఫోన్లు తీసి, తీగ చిక్కుపడకుండా చుట్టి, ఆమె చేతికిచ్చాడు. ముఖంలో ఆశ్చర్యమన్నది లేదు.

"నాకు తెలుసమ్మా. నోరు నాది కదా."

మరి ఎందుకు ఊరుకున్నారని ఆమె అడిగింది. మొదట్లో చెప్పానన్నాడు. ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరు ఆ వీడియో తిప్పి చూపించి, అరిచేవాడు ఇలా ఉంటాడా అని అందరిముందూ నవ్వాడట. ఆ తర్వాత చెప్పడం మానేశాడట. భయపడ్డారా అంటే కాదని తలూపాడు. కాసేపు నేల మీది సిమెంటు పొడిలో చెప్పుతో గీతలు గీశాడు.

"ఇంకోసారి పెట్టండి. ఈసారి నన్ను కాదు, మా బావని చూడండి."

ఇన్నిసార్లు తిప్పిన ఫైలే. కానీ కత్తెరమ్మ ఆ మూల చూపు పెట్టనేలేదు. గుండె చిక్కబట్టుకుని చూసింది. చెల్లెలి మొగుడు ఇనప తోపుడుబండి నెట్టుకుంటూ వస్తున్నాడు. హుషారైన నడక. కడ్డీల కట్ట నీడలోకి వచ్చాడు, దాటిపోతున్నాడు, ఇంక రెండడుగులు వేస్తే అవతల ఉంటాడు. అప్పుడు కేక వినిపించింది. బండి ఆపాడు. ఎవరైనా పిలిస్తే తిరిగి చూస్తామే, అలా తిరిగి చూశాడు. ఏంటి అన్నట్టు గడ్డం ఎగరేశాడు. ప్రాక్సీలో అయితే అది వట్టినే నిలబడ్డట్టు, ఏదో ఆలోచించుకుంటున్నట్టు కనిపిస్తుంది.

కత్తెరమ్మ ల్యాప్‌టాప్ మూసేసింది.

"పిలిచాను, ఆగాడు," అన్నాడతను. "ఎవరు పిలిచినా ఆగే మనిషి. నేను నోరు మూసుకుని ఉంటే ఇవాళ ఇంట్లో ఉండేవాడు."

"మీరు కావాలని చేశారా అన్నా? తప్పించాలనే కదా అరిచింది."

"అది నాకూ తెలుసు. అయినా నిద్ర పట్టదు." చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "మా చెల్లెలు నాతో మాట్లాడదు. గుమ్మం తొక్కనివ్వదు. ఆవులించాడని తిట్టుకుంటోంది. తిట్టుకోనివ్వండమ్మా. అన్న బద్ధకస్తుడని తిట్టుకుంటే ఎన్నటికైనా కడుపులో మంట చల్లారుతుంది. పిలిచి చంపానని తెలిస్తే..."

కత్తెరమ్మ పెద్ద న్యాయం మోసుకొచ్చానన్న ధీమాతో వచ్చింది. ఇప్పుడు ఆ న్యాయాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది, ఏడిస్తే అతనే తనని ఓదార్చాల్సొస్తుందని ఆపుకుంది. కాసేపటికి తేరుకుని, ఆ హాయిస్టు ఇప్పుడెవరు నడుపుతున్నారని అడిగింది. కొత్తగా చేరిన ఒకమ్మాయి అన్నాడు. బ్రేకు బాగుచేశారా అంది. రంగు వేశారన్నాడు. బ్రేకు సరిగా పట్టడం లేదని ముందే చెప్పానని, చూద్దాంలే అన్నారని కూడా అన్నాడు. ఇంకో లారీ వచ్చి వెనక్కి తిరుగుతోంది. అతను లేచి, తువ్వాలు భుజాన వేసుకుని దాని వైపు నడిచాడు.

*

కమిటీ కూర్చునే రోజు పొద్దున్నే కత్తెరమ్మ ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. తలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. లోపల అత్తగారు కిటికీలోంచి చూసి, అడుగో ఆవులింతలోడు మనింటికొచ్చాడేంటే అని గొణిగింది. కత్తెరమ్మ ఆవిడ వంక చూసిన చూపుకి ఆవిడే నోరు మూసుకుని లోపలికెళ్ళింది.

నిన్న సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళానని చెప్పాడు. ఎందుకెళ్ళాడో తనకే తెలియదట. షిఫ్టు దిగి వస్తున్న ఆ కొత్తమ్మాయి అతణ్ణి గుర్తుపట్టింది. నవ్వలేదు. పక్కకి పిలిచి, అన్నా, నేను ఆపినా ఒక జానెడు కిందికి జారుతోంది, నీకూ అలాగే ఉండేదా అని అడిగిందట.

"ఏం చెప్పారు?"

"ఉండేదన్నాను. ఇంటికెళ్ళిపోదామనుకున్నాను. కాళ్ళు కదల్లేదు." గేటు ఊచ పట్టుకుని దాని మీద తుప్పు గోటితో గీకాడు. "కమిటీకి చూపిద్దాం. కానీ ముందు మా చెల్లెలు చూడాలి. ఆ మాట వాళ్ళ నోటి వెంట వినకూడదు."

ఇద్దరూ నడిచారు. దారిలో కత్తెరమ్మకి ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన ఏముంది, చేతికున్న అలవాటు. కమిటీకి ఎలాగూ మొత్తం ఇస్తాం, మీ చెల్లెలికి మాత్రం మీరు బటన్ నొక్కింది, అరిచింది, అంతవరకే ఉంచి, ఆయన ఆగిన ముక్క తీసేస్తానంది. రెండు నిమిషాల పని, అతుకు కూడా కనబడదంది. ఆ మాట అనేటప్పుడు ఆమెకి ఎంతో ఊరటగా ఉంది. అతను నడక తగ్గించాడు. కాదనడానికి మనసు రాక సతమతమయ్యాడు, ముఖంలో తెలుస్తూనే ఉంది.

"ఒకసారి సగం చూసే కదమ్మా ఇంతా అయింది," అన్నాడు. "వద్దు."

చెల్లెలిది వరసగా ఉన్న గదుల్లో ఒకటి. తలుపు దగ్గరే వెలుతురు కోసం కుట్టుమిషను వేసుకుని దిండు గలీబులు కుడుతోంది. పక్కన కుట్టినవి ఒక గుట్ట, కుట్టాల్సినవి అంతకు రెట్టింపు. మనిషి చిక్కి సగమైంది. మెట్ల దగ్గర అన్నని చూడగానే మిషను తొక్కడం ఆపింది. లేచింది. తలుపు రెక్క పట్టుకుంది. కత్తెరమ్మ గబగబా ముందుకెళ్ళి ఆ రెక్కకి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ సినిమా కత్తిరించేది తనేనని, మీరు ఫోనులో చూసింది తప్పు అని, ఆ తప్పు తనదని, ఒక్కసారి చూసి తర్వాత చెంప పగలగొట్టినా పడతానని చెప్పింది. చెల్లెలు ఆమెను ఎగాదిగా చూసింది. ఆమెను మాత్రం లోపలికి రానిచ్చింది. అన్న బయట మెట్టు మీదే ఉండిపోయాడు.

మిషను బల్ల మీద బట్ట జరిపి ల్యాప్‌టాప్ పెట్టింది. పాతిక, యాభై అని ఏదో మొదలుపెట్టింది గానీ తన మాటలు తనకే రోత పుట్టి ఆపేసింది. ముందు ప్రాక్సీ ఆడించింది. చెల్లెలు దవడలు బిగించి చూసింది. తర్వాత అసలుది, శబ్దంతో.

ఆ కేక గదిలో మోగింది. చెల్లెలి చెయ్యి గలీబు మీద ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. గొంతు పోల్చుకుంది. ఆ ముఖం మారడం కత్తెరమ్మ చూసింది. ఇన్నాళ్ళూ మోస్తున్న కోపం ఒక్కసారి జారిపోతే మనిషి తూలినట్టు తూలింది. అరిచాడు, అంది. మా అన్నయ్య అరిచాడు. కత్తెరమ్మ అవునంది. ఇక్కడితో ఆపి మూసేస్తే బాగుండునని ప్రాణం కొట్టుకుంది. చెయ్యి ల్యాప్‌టాప్ మూత మీదికి పోయింది కూడా.

"ఇంకోసారి పెట్టండి," అంది చెల్లెలు.

రెండోసారి ఆమె అన్నని చూడలేదు. ముందుకి వంగి, తెర మీద మొగుడున్న మూలకి ముఖం ఆనించినంత పని చేసింది. తోపుడుబండి వచ్చింది. దాటిపోతోంది. కేక. బండి ఆగింది. ఆయన తిరిగాడు. చెల్లెలు వేలు చాచి ఆ ఎగరేసిన గడ్డాన్ని ముట్టుకుంది. ఆ తర్వాతదాన్ని రెప్ప వెయ్యకుండా మొత్తం చూసింది. కత్తెరమ్మ చూడలేక గోడ వైపు తిరిగింది. పక్క గదిలో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

చెల్లెలు లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. అన్న గభాల్న లేచి నిలబడ్డాడు. ఆ కబురు వచ్చిన రోజునుంచీ ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అదే. అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. తెలియక, తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"ఎందుకు పిలిచావన్నయ్యా?"

అతను మెట్టు మీదే కూలబడి, సిమెంటుకి ఒరుసుకుపోయిన రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఆమె గడప దాటి రాలేదు, తలుపూ వెయ్యలేదు. ఆ గడపలోనే నిలబడి ఇంకోసారి అడిగింది.